టాకీకి ఆకాశం చూపించినవాడు

1928 నాటికి హాలీవుడ్‌లో కెమెరా ఖైదీ అయిపోయింది. అంతకు ముందు ఇరవై ఏళ్ళపాటు అది గుర్రాల వెంట పరుగెత్తింది, రైళ్ళెక్కింది, కొండ అంచుల్లో వేలాడింది. సినిమాకు మాట రాగానే దాన్ని పట్టుకెళ్ళి గదిలో పెట్టి తలుపేశారు. కారణం చిన్నదే. కెమెరా తిరుగుతుంటే గరగరమంటుంది. ఆ గరగర మైకులో పడితే హీరోయిన్ మాట వినపడదు. అందుకని కెమెరానూ కెమెరామన్‌నూ కలిపి, గోడలకు మెత్తలు కొట్టిన చిన్న గదిలో వేసి, ముందున్న అద్దంలోంచి సినిమా తీయించేవారు. లోపల గాలాడదు, ఒళ్ళంతా చెమట. అద్దానికి ఇవతల నటీనటులు పూలకుండీలోనో బల్లమీది వస్తువుల వెనకో దాచిన మైకు దగ్గర చేరి, అటూ ఇటూ కదలకుండా నిలబడి, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడేవారు.

1927 అక్టోబరు 6న ‘ది జాజ్ సింగర్’ విడుదలైంది. నిజానికి అందులో చాలా భాగం మూకీయే. పాటలూ కొద్దిపాటి మాటలూ తప్ప మిగతాదంతా అక్షరాల కార్డులే. ఆ కొద్దిపాటి మాటలకే జనం వెర్రెత్తిపోయారు. ఏడాది తిరిగేసరికి స్టూడియోలన్నీ మాటల వెంట పడ్డాయి. షూటింగులో దర్శకుడి మాట కంటే సౌండ్ ఇంజనీరు మాటకే విలువ పెరిగింది. బయటికెళ్ళి తీద్దామంటే ఆయన ఒప్పుకోడు. బయట గాలి వీస్తుంది, కార్లు పోతాయి, కుక్కలు మొరుగుతాయి. గుర్రాల సినిమాలకిక కాలం చెల్లిందనే అనుకున్నారు చాలామంది. గుర్రం నాలుగు గోడల మధ్య పరుగెత్తదు కదా.

ఆ గోడల్ని దాటించినవాడు రౌల్ వాల్ష్. అతను ఇంజనీరు కాదు, కొత్త యంత్రమేదీ కనిపెట్టలేదు. సినిమాల్లోకి నటుడిగా వచ్చినవాడు. టాకీ బయటికి రావడానికి కావాల్సిన యంత్రం అప్పటికే తయారై, వార్తాచిత్రాల వాళ్ళ ట్రక్కులో ఊళ్ళు తిరుగుతోంది. దాంతో కథ చెప్పొచ్చని తోచడానికి మాత్రం, సినిమా అంటే ఆరుబయట బతికేదని ఒంట్లో ఇంకిన మనిషి కావాల్సి వచ్చాడు. ఈ కథలో నాకు ముఖ్యమనిపించేది అదే.

వాల్ష్ 1887లో న్యూయార్క్‌లో పుట్టాడు. కుర్రతనంలోనే ఇల్లు విడిచి సముద్రం మీద తిరిగాననీ, మెక్సికో వైపు పశువుల మందలు తోలాననీ ఆత్మకథలో రాసుకున్నాడు. కథలు అల్లడంలో దిట్ట కాబట్టి అందులో కొంత తరుగు తీసే చదవాలి. గుర్రపు స్వారీలో అతని నేర్పు మాత్రం అబద్ధం కాదు. నాటకాల్లోనూ, ఆ తర్వాత సినిమాల్లోనూ మొదట పని దొరికింది ఆ స్వారీ వల్లే. తూర్పు తీరంలో చిన్నాచితకా వేషాలు వేసి, దర్శకుడు డి.డబ్ల్యు. గ్రిఫిత్ బృందంలో చేరి, వాళ్ళతో కాలిఫోర్నియా చేరాడు.

1914లో మెక్సికో విప్లవ నాయకుడు పాంచో విల్లాతో మ్యూచువల్ ఫిల్మ్ కంపెనీ ఒక ఒప్పందం చేసుకుంది. అతని యుద్ధాలను సినిమా తీసుకోవడానికి. నిజమైన విప్లవకారుడు, నిజమైన సైన్యం, నిజమైన తుపాకులు. ఆ పనికి గ్రిఫిత్ దగ్గర్నుంచి వెళ్ళినవాళ్ళలో వాల్ష్ ఒకడు. విల్లా కుర్రప్పటి పాత్ర కూడా అతనే వేశాడు. ఆ ‘ది లైఫ్ ఆఫ్ జనరల్ విల్లా’ ఇప్పుడు దొరకదు. ఇరవై ఏడేళ్ళ వయసులో దుమ్ములో, ఎండలో, తుపాకుల మధ్య కెమెరా నిలబెట్టడం నేర్చుకున్నవాడికి స్టూడియో గోడలు తర్వాత ఎంత ఇరుకనిపించి ఉంటాయో ఊహించుకోవచ్చు.

మరుసటి ఏడాది గ్రిఫిత్ ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’లో లింకన్‌ను కాల్చిన జాన్ విల్క్స్ బూత్ పాత్ర వాల్ష్‌ది. ఆ సినిమా నల్లవాళ్ళ మీద విషం కక్కింది, క్లూ క్లక్స్ క్లాన్‌ను వీరులుగా చూపించింది. ఆ మచ్చ ఎప్పటికీ పోదు. అయితే వాల్ష్ అక్కడ నటుడే కాదు, గ్రిఫిత్‌కు సహాయకుల్లో ఒకడు కూడా. వందల మందిని ఎలా నడిపించాలో, ఎక్కడ దగ్గరికి వెళ్ళాలో, ఎక్కడ దూరం జరగాలో దగ్గరుండి చూశాడు. అదే 1915లో ఫాక్స్ కంపెనీ కోసం ‘రీజనరేషన్’ తీశాడు. న్యూయార్క్ బవరీ పేటలోకి కెమెరా తీసుకెళ్ళి, ఆ వీధుల్లో తిరిగే మనుషులనే ఫ్రేములో నింపాడు. గ్యాంగ్‌స్టర్ల మీద వచ్చిన తొలి పూర్తి నిడివి చిత్రాల్లో దాన్నీ చెప్పుకుంటారు. వందేళ్ళు దాటినా ఆ ముఖాలు ఇంకా వెంటాడతాయి.

1924లో డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్‌తో ‘ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్’. తీగలకు కట్టిన తివాచీని క్రేన్‌తో లేపి ఊరి మీదుగా ఎగరేసిన సినిమా అది. దానికి కెమెరా పట్టింది ఆర్థర్ ఎడిసన్. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది. 1928లో వచ్చిన ‘సేడీ థాంప్సన్’లో గ్లోరియా స్వాన్సన్ పక్కన వాల్ష్ తనే నాయకుడిగా వేశాడు, దర్శకత్వమూ తనదే. నలభై దాటినా నటన మీద మోజు చావలేదు. రెండు పనులూ కలిపి చేయగలనన్న ధీమా కూడా ఆ సినిమాతో కుదిరింది.

ఇక ట్రక్కు సంగతి. వార్నర్ కంపెనీ వాళ్ళు శబ్దాన్ని గ్రామఫోను ప్లేటు మీద పట్టేవారు. సినిమాహాల్లో ప్రొజెక్టరూ ప్లేటూ కలిసి తిరగాలి. ముల్లు ఒక్క గీత దాటిందా, మాట ఒకరిది, పెదవులు ఇంకొకరివి. ఫాక్స్ కంపెనీ వేరే దారి పట్టింది. థియొడోర్ కేస్ అనే శాస్త్రవేత్త, అతని సహచరుడు ఎర్ల్ స్పానబుల్ శబ్దాన్ని ఫిల్ము మీదికే ఎక్కించారు. మైకులోంచి వచ్చే కరెంటు ఎక్కువ తక్కువలను బట్టి చిన్న దీపం ఒకటి వెలుగు మారుస్తుంది. ఆ వెలుగు ఫిల్ము అంచున సన్నటి పట్టీ మీద పడి, ఒకచోట నల్లగా, ఒకచోట లేతగా గీతలు గీస్తుంది. హాల్లో ఆ పట్టీ గుండా వెలుగు పంపితే గీతలు తిరిగి శబ్దమవుతాయి. దీన్ని మూవీటోన్ అన్నారు. బొమ్మా శబ్దమూ ఒకే ఫిల్ము మీద ఉంటాయి కాబట్టి ఒకదాన్నొకటి వదిలిపోవు. పైగా సామాను మొత్తం ఒక ట్రక్కులో పడుతుంది. 1927 మే 20న లిండ్‌బర్గ్ అట్లాంటిక్ దాటడానికి విమానమెక్కినప్పుడు ఫాక్స్ వాళ్ళు ఆ ఇంజను హోరుతో సహా తీసి, ఆ రాత్రే న్యూయార్క్ రాక్సీ థియేటర్‌లో వేశారు. జనం లేచి నిలబడి కేకలు వేశారు.

అంటే ‘ది జాజ్ సింగర్’ కంటే నెలల ముందే శబ్దం ఆరుబయట దొరికింది. వార్తలకు పనికొచ్చిన యంత్రం కథకు పనికి రాదని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. వాల్ష్ ఒక హాల్లో కూర్చుని మూవీటోన్ వార్తాచిత్రం చూస్తుండగా ఈ ప్రశ్న తట్టింది. నేరుగా ఫాక్స్‌లో నిర్మాణం చూసే విన్‌ఫీల్డ్ షీహన్ దగ్గరికి వెళ్ళి, ఆ ట్రక్కు ఇస్తే ఎడారిలో వెస్టర్న్ తీసుకొస్తానన్నాడు. మొదట రెండు రీళ్ళ చిన్న సినిమా అనుకున్నారు. తీసిన ముక్కలు చూశాక అది పెద్ద సినిమా అయింది. పేరు ‘ఇన్ ఓల్డ్ అరిజోనా’. ఓ. హెన్రీ 1907లో రాసిన కథలోని సిస్కో కిడ్ అనే బందిపోటే కథానాయకుడు. ఆ వేషం వాల్ష్‌దే. కెమెరా ఆర్థర్ ఎడిసన్‌ది.

ఇక్కడ ఒక చిక్కుంది, వివరంగా చెప్పుకోవాల్సినది. కెమెరాలో ఫిల్ము సాఫీగా జారిపోదు. ప్రతి బొమ్మకూ కిటికీ ముందు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదులుతుంది. సెకనుకు 24 సార్లు ఆగుతుంది. బొమ్మకు ఆగడం కావాలి. శబ్దానికి ఆగడం పనికి రాదు, ఆగితే మాట ముక్కలైపోతుంది. అందుకని ఫిల్ము కిటికీ దాటాక కాస్త వదులుగా ఒక చుట్టు తిరిగి, సాఫీగా జారడం మొదలయ్యాకే శబ్దపు గీతలు పడతాయి. అంటే మనిషి నోరు తెరిచిన బొమ్మ ఒకచోట ఉంటే, ఆ నోట వచ్చిన మాట సుమారు ఇరవై బొమ్మల అవతల ఉంటుంది. ప్రొజెక్టర్‌లోనూ అంతే దూరం పెడతారు కాబట్టి చూసేటప్పుడు రెండూ కలుస్తాయి. ఎడిటర్‌కు మాత్రం నరకం. బొమ్మ చూసి కత్తెర వేస్తే, అవతలి మాట తెగిపోతుంది. వార్తాచిత్రంలో ఎవరికీ పట్టదు. కథలో ప్రేమికుడి మాట సగంలో తెగితే హాల్లో నవ్వుతారు. అందువల్ల మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదిలి, ఆ ఖాళీలోనే కత్తెర పడేలా సీను అల్లుకోవాలి. ఆ సినిమాలో నటులు కొన్నిచోట్ల అంత నింపాదిగా మాట్లాడటానికి అదీ ఒక కారణమని నా నమ్మకం.

ఈ ఇబ్బంది మన దేశానికీ వచ్చింది. బొంబాయిలో అర్దెషీర్ ఇరానీ ‘ఆలం ఆరా’ తీసింది ఇలాగే బొమ్మా శబ్దమూ ఒకే ఫిల్ము మీద పట్టే టానార్ యంత్రంతో. స్టూడియో పక్కనే రైలు పట్టాలుండటంతో, రైళ్ళు ఆగిన అర్ధరాత్రి తర్వాత షూటింగు చేసేవారు. ఆ ఇరానీ దగ్గర పనిచేసిన హెచ్.ఎం. రెడ్డిగారే 1932లో మనకు ‘భక్త ప్రహ్లాద’ ఇచ్చారు. తొలి టాకీల వాళ్ళకు, ఏ దేశంలోనైనా, బయటి ప్రపంచం శత్రువే. ‘ఇన్ ఓల్డ్ అరిజోనా’ ఆ శత్రువునే పాత్రగా తీసుకుంది.

షూటింగు యూటాలోని జయన్, బ్రైస్ లోయల్లోనూ, మొహావీ ఎడారిలోనూ, కాలిఫోర్నియా పాత చర్చీల ఆవరణల్లోనూ సాగింది. 1928లోనే ఒక రాత్రి యూటాలో వాల్ష్ జీపులాంటి బండిలో వస్తున్నాడు. హెడ్‌లైట్ల వెలుగుకు బెదిరిన అడవి కుందేలు ఒకటి ఎగిరి ముందు అద్దానికి కొట్టుకుంది. అద్దం పగిలి పెంకులు అతని ముఖంలోకి దూసుకొచ్చాయి. కుడి కన్ను పోయింది.

సిస్కో కిడ్ వేషం వార్నర్ బ్యాక్స్‌టర్‌కు వెళ్ళింది. దర్శకత్వం ఇర్వింగ్ కమింగ్స్ పూర్తి చేశాడు. ఏడాది చివర్లో, క్రిస్మస్ రోజున లాస్ ఏంజిలిస్‌లో సినిమా విడుదలైంది. ఆస్కార్లకు ఐదు విభాగాల్లో పోటీకి నిలిచింది. బ్యాక్స్‌టర్‌కు ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. ఎడిసన్ ఫొటోగ్రఫీ పోటీలో నిలిచాడు. దర్శకుడిగా పోటీలో నిలిచిన పేరు కమింగ్స్ ఒక్కడిదే. ఆలోచన తెచ్చినవాడు, ట్రక్కు అడిగి తీసుకెళ్ళినవాడు, కన్ను పోగొట్టుకున్నవాడు ఆ జాబితాలో లేడు. చదివిన ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది. వాల్ష్ దాని గురించి గొడవ చేసినట్టు ఎక్కడా కనపడదు. నల్ల కంటిపట్టీ కట్టుకుని మళ్ళీ పనిలోకొచ్చాడు. నటన మాత్రం ఆ రాత్రితో ఆగిపోయింది. సగం నటుడు, సగం దర్శకుడుగా ఉన్నవాడు నలభై ఒకటో ఏట పూర్తి దర్శకుడయ్యాడు.

సినిమా ఇవాళ చూస్తే గదుల్లోని సీన్లు సాగదీసినట్టుంటాయి. బ్యాక్స్‌టర్ మెక్సికో యాస మరీ అతి. కానీ వినండి. చర్చి గంట మోగుతుంది. గుర్రపు డెక్కల చప్పుడు దూరం నుంచి దగ్గరవుతుంది, మళ్ళీ దూరమవుతుంది. ఒకచోట పెనం మీద మాంసం ముక్కలు చిటపటమంటూ వేగుతాయి. ఆ చిటపట గురించి ఆనాటి ప్రేక్షకులు మాటల కంటే ఎక్కువగా చెప్పుకున్నారు. డెక్కల చప్పుడు తగ్గుతుంటే గుర్రం వెళ్ళిపోతోందని కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. తెర మీద దూరాన్ని చెవి కొలవడం అక్కడే మొదలైంది. 1929లో కింగ్ విడార్ ‘హలెలూయా’ కోసం ఆరుబయట తీసిన చాలా భాగాన్ని మూకీగా తీసి, శబ్దం తర్వాత అతికించాడు. అదే ఏడాది గేరీ కూపర్‌తో ‘ది వర్జీనియన్’ మాటలు నేర్చిన వెస్టర్న్‌గా వచ్చింది. గుర్రాల సినిమాలు చావలేదు.

ఫాక్స్ వాళ్ళు 1930లో వాల్ష్‌కు ఇంకా పెద్ద పని అప్పజెప్పారు. ‘ది బిగ్ ట్రైల్’. పడమటికి వలస వెళ్ళే బండ్ల బారు కథ. మామూలు 35 మిల్లీమీటర్ల ఫిల్ముకు తోడు, గ్రాండర్ అనే 70 మిల్లీమీటర్ల వెడల్పు ఫిల్ము మీద కూడా తీయాలి. మన తెలుగువాళ్ళకు 70 ఎంఎం అనగానే 1986 నాటి ‘సింహాసనం’ గుర్తొస్తుంది. అది తీసిన కృష్ణగారూ దర్శకుడిగా మారిన నటుడే. వాల్ష్ ఆ వెడల్పు తెరను అంతకు 56 ఏళ్ళ ముందు మోశాడు. మోశాడనే అనాలి. ప్రతి సీనూ 70కి ఒకసారి, 35కి ఒకసారి. మాటలున్న సీన్లు జర్మన్, ఫ్రెంచ్, స్పానిష్, ఇటాలియన్ భాషలకు వేరే నటులతో మళ్ళీ. అప్పటికి డబ్బింగు ఇంకా కుదురుకోలేదు. 70 కెమెరా ఎడిసన్ చేతిలోనే ఉంది.

హీరో కోసం వెతుకుతుంటే స్టూడియోలో సామాన్లు మోసే ఒక పొడుగాటి కుర్రాడు వాల్ష్ కంట పడ్డాడు. చిన్నచిన్న వేషాలు కూడా వేస్తుండేవాడు. పేరు మేరియన్ మారిసన్. ఆ పేరు హీరోకు నప్పదని, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన ఆంథొనీ వేన్ అనే సేనాని ఇంటిపేరు తీసుకుని, ముందు జాన్ తగిలించారు. అలా ఇరవై మూడేళ్ళ జాన్ వేన్ పుట్టాడు.

ఆ సినిమాలో బండ్లను కొండ మీంచి కిందికి దించే ఘట్టం ఉంది. దారి లేదు, నిట్టనిలువు బండ. బండి విప్పి తాళ్ళు కడతారు. పైనుంచి మగవాళ్ళు తాళ్ళు బిగబట్టి కొద్దికొద్దిగా వదులుతుంటే, బండి గాల్లో ఊగుతూ దిగుతుంది. ఎద్దులనూ అలాగే. ఒక బండి తాడు తెగి కింద పడి తుక్కు తుక్కవుతుంది. వెడల్పు తెర మీద చూస్తే ఒక మూల బండి దిగుతుంటుంది, ఇంకో మూల ఆడవాళ్ళు బిడ్డల్ని పట్టుకుని చూస్తుంటారు, వెనకాల దూరంగా ఇంకా బండ్లు వస్తూనే ఉంటాయి. కత్తెర తొందరపెట్టదు, ఎటు చూడాలో మన ఇష్టం. మైకు భయంతో నటులు ఒకచోట గుమికూడిన కాలంలో ఇది తీశాడు. వాల్ష్ జీవితంలో ఇంతకంటే గొప్ప సీను నాకు కనపడలేదు.

సినిమా ఆడలేదు. హాళ్ళ వాళ్ళు మాటల యంత్రాలు కొని అప్పుల్లో ఉన్నారు, దాని మీద ఆర్థిక మాంద్యం. కొత్త ప్రొజెక్టరూ కొత్త తెరా ఎవరు కొంటారు? 70 వెడల్పుతో లాస్ ఏంజిలిస్ గ్రామన్స్ చైనీస్, న్యూయార్క్ రాక్సీ వంటి ఒకటి రెండు పెద్ద హాళ్ళలోనే వేశారు. మిగతా దేశమంతా మామూలు ఫిల్మే చూసింది. వేన్ దాదాపు తొమ్మిదేళ్ళు చవక సినిమాల్లో నలిగి, 1939లో జాన్ ఫోర్డ్ ‘స్టేజ్‌కోచ్’తో గానీ లేవలేదు. కథాచిత్రాల్లో వెడల్పు తెర మళ్ళీ నిలదొక్కుకోవడానికి 1953లో ‘ది రోబ్’ దాకా ఆగాల్సి వచ్చింది.

తర్వాతి ముప్ఫై ఏళ్ళలో వాల్ష్ ఆగకుండా పనిచేశాడు. ‘ది రోరింగ్ ట్వంటీస్’, ‘హై సియెర్రా’, ‘వైట్ హీట్’ వంటివి వార్నర్ కంపెనీకి తీశాడు. మొత్తం వందకు పైగా సినిమాలు. షాట్ నడుస్తుంటే అతను చూడకుండా, సెట్‌కు వీపు పెట్టి నిలబడి సిగరెట్ చుట్టుకుంటూ వినేవాడనీ, మాటల నడక చెవికి సరిపోతే ఓకే అనేవాడనీ కలిసి పనిచేసినవాళ్ళు చెప్పుకునేవారు. కన్ను పోయినందువల్ల పట్టుబడిన అలవాటని కొందరంటారు. నాకు మాత్రం అది ఆ ట్రక్కు దగ్గరే మొదలైందనిపిస్తుంది.

1953లో త్రీడీ వెర్రి హాలీవుడ్‌ను ఊపినప్పుడు కొలంబియా కంపెనీ రాక్ హడ్సన్‌తో ‘గన్ ఫ్యూరీ’ అనే త్రీడీ వెస్టర్న్ మొదలుపెట్టి, దర్శకత్వం వాల్ష్‌కు ఇచ్చింది. త్రీడీ లోతు తెలియాలంటే రెండు కళ్ళూ కావాలి. ఒంటి కంటి దర్శకుడు అరిజోనాలోని సెడోనా ఎర్ర కొండల మధ్యకు వెళ్ళి, తను చూడలేని ఆ లోతును కొలుచుకుని సినిమా పూర్తి చేశాడు. ఆఖరి సినిమా ‘ఎ డిస్టెంట్ ట్రంపెట్’ 1964లో వచ్చింది. అదీ ఆరుబయట తీసిన వెస్టర్నే. అప్పటికి అతనికి డెబ్భై ఏడేళ్ళు.